మా ఊరి రాకాసి గుళ్ళ బండలు కూసాలవుతున్నాయి, ఎవరికి చెప్పాలి?

గుట్టకింద_పల్లె
కళ్యాణదుర్గం వైపు మాది. ఊరికి పడమటి పక్క ఒక గుట్ట ఉంది. దాని మీదా, కింద చేలల్లోనూ కలిపి మా చిన్నప్పుడు అరవై దాకా రాతిగూళ్ళు ఉండేవి. మూడు నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ కప్పి, ఒక పక్క బండకు గుండ్రంగా కంత కొట్టి ఉంటుంది. చుట్టూ వలయంగా రాళ్ళు. మా ఊళ్ళో రాకాసి గుళ్ళు అంటారు. మేకలు కాసేటప్పుడు వాన వస్తే వాటిలోనే దూరేవాళ్ళం.

ఉగాదికి ఊరికి పోయి లెక్కపెడితే పంతొమ్మిదే మిగిలాయి. గుట్ట కింద గ్రావెల్ కోసం జేసీబీ దింపారు. పైకప్పు బండల్ని చీల్చి, చేల కంచెలకు నాటే రాతి కూసాలు చేసి అమ్ముకుంటున్నారు. రెండు గూళ్ళలో మనిషి లోతు గుంతలు, పక్కన నిమ్మకాయలు, కుంకుమ. అడిగితే "బెంగళూరులో ఉండేవాడివి, నీకెందుకప్పా" అన్నారు. ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ "అది లిస్టులో లేదు" అన్నారు. ఏ లిస్టు? ఎవరికి చెప్పాలి?

నాపరాయి_నవ్వు
రాకాసులకే రక్షణ లేని రోజులొచ్చాయి.

రాగిసంగటి
నిమ్మకాయలు ఉన్నాయంటే అర్థమైపోయింది. గుప్తనిధుల బ్యాచ్. మా వైపు కూడా అమావాస్యకు ముందు కొత్త కార్లు తిరుగుతాయి.

పాతరాళ్ళ_పిచ్చి
అవి గుళ్ళూ కావు, ఇళ్ళూ కావు తమ్ముడూ, సమాధులు. ఇనుప యుగం నాటివి. మెగాలిత్‌లు అంటారు, పుస్తకాల్లో బృహత్ శిలా సమాధులు అని రాస్తారు. నువ్వు చెప్పిన గూడు డోల్మెన్. అదే బండల పెట్టె నేలలో పూడి ఉంటే సిస్టు. పైన గుండ్లు, చిన్న రాళ్ళు కుప్ప పోసి ఉంటే కైరన్. కుప్ప చూసి చాలామంది చేను చదును చేసినప్పుడు పారేసిన రాళ్ళు అనుకుంటారు. మీ చేలల్లో అలాంటివి ఎన్ని పోయాయో లెక్క కూడా ఉండదు, ఎందుకంటే అవి సమాధులని ఎవరికీ తట్టదు.

కళ్యాణదుర్గం దగ్గరే ముదిగల్లు ఉంది, ఇలాంటి గూళ్ళకు పేరుపడ్డ చోటు. మీది కూడా ఆ వరసలోదే అయ్యుంటుంది. కంత చాలా చోట్ల తూర్పు వైపు ఉంటుంది, ఈసారి పోయినప్పుడు చూసి చెప్పు.

మనిషి పోగానే తెచ్చి ఇందులో పడుకోబెట్టేవాళ్ళు అనుకోవద్దు. చాలా సమాధుల్లో దొరికేవి కొన్ని ఎముకలే. శవాన్ని ముందు వేరే చోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి పెట్టేవాళ్ళు. పక్కన గిన్నెలు, ఇనుప కత్తులు, కొడవళ్ళు, బాణపు మొనలు, పూసలు. ఒకే గూట్లో ఇద్దరు ముగ్గురి ఎముకలు దొరికిన చోట్లు కూడా ఉన్నాయి.

రాయదుర్గం దాటి కర్ణాటకలో అడుగు పెడితే బ్రహ్మగిరి. 1947లో అప్పటి భారత పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వి, ఈ సమాధులు క్రీ.పూ. 200 ప్రాంతంలో మొదలయ్యాయని లెక్క వేశాడు. తర్వాత కర్ణాటకలోనే హళ్ళూరులో, పాత వస్తువుల వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షలతో ఇనుము వాడకం క్రీ.పూ. 1000 దాకా వెనక్కి పోయింది. అంటే మీరు వానకు దూరిన గూడు అశోకుడి కంటే వయసులో పెద్దది కావచ్చు.

గుట్టకింద_పల్లె
సమాధులా!! మేం అందులో కూర్చుని సద్ది తినేవాళ్ళం.

నాపరాయి_నవ్వు
వాళ్ళకూ గిన్నెల్లో పెట్టారంటున్నాడు కదా. పంక్తి భోజనం అనుకో.

సమ్మెట_దెబ్బ
మా నాయన, మా తాత బండ కొట్టినవాళ్ళే. పైకప్పు బండల మీదే ఎందుకు పడతారో నేను చెప్తా. కొత్తగా బండ లేపాలంటే పని చాలా ఉంటుంది. వెనకటికి పేలుడు మందులేం వాడేవాళ్ళు కాదు. పరుపు బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి, మంటను మెల్లగా జరుపుకుంటూ పోతే పొర కిందికీ పైకీ విడిపోతుంది. సుత్తితో తడితే బోలు శబ్దం వస్తుంది, ఎంతవరకు లేచిందో ఆ శబ్దంతోనే తెలుసుకోవాలి. తర్వాత ఉలితో గీత కొట్టి పగలగొట్టడం. ఒక మంచి పలక లేవాలంటే రోజుల పని.

ఈ గూళ్ళ మీద ఉండేది అలాగే లేపిన పలక. మందం సమానం, పగులు లేదు, ఇన్నేళ్ళు ఎండావానకు నిలబడింది అంటే రాయి గట్టిదని రుజువు కూడా అయిపోయింది. ఎవరో లేపి రెడీగా పెట్టినట్టు. కూలి మిగులుతుంది. ఆ లెక్కే తప్ప ఇందులో కుట్ర ఏమీ లేదు. మా తాత మాత్రం గూటి రాయి ముట్టేవాడు కాదు, ఇంటికి అరిష్టం అనేవాడు. మా నాయన కాలానికి ఆ భయం పోయింది.

కడప_కారం
కూసాలు ఏంది, కడీలు అనండి.

రాగిసంగటి
కూసాలే. కడీలు మీ కడపలో.

కడప_కారం
బండలంటేనే కడప. పేరు పెట్టే హక్కు మాదే.

ఒంటరి_కాకి
అందరూ తిట్టినా ఒక మాట. ఆ ఊళ్ళో తాగే నీళ్ళకు దిక్కుందా, పిల్లలకు పని ఉందా అని ఎవరూ అడగరు. మూడు వేల ఏళ్ళ కింద పోయినవాళ్ళ కోసం చర్చ. కూసాలు అమ్ముకుంటే నలుగురికి కూలి దొరుకుతోంది. బెంగళూరు నుంచి వచ్చి ఫొటోలు తీసుకునేవాళ్ళకు అది వారసత్వం, అక్కడే ఉండేవాళ్ళకు అది రాయి.

వేరుశనగ_రైతు
కాకి చెప్పింది సగం నిజం. నా నాలుగు ఎకరాల్లో అలాంటి రాళ్ళ కుప్పలు రెండున్నాయి. పాతరాళ్ళ అన్న చెప్పేదాకా నేనూ మా తాతలు ఏరిపోసిన రాళ్ళే అనుకున్నా, ఏరిన రాళ్ళు నేనూ దాని మీదే పోస్తున్నా. కింద వలయంగా పాతిన గుండ్లు ఉన్నాయి, ఇప్పుడు ఆలోచిస్తే ఎవడూ చెనిక్కాయ చేలో రాళ్ళను అంత గుండ్రంగా పేర్చడు.

కానీ నా భయం నాది. రేపు ఎవరో వచ్చి ఇది రక్షిత స్థలం అని నీలం బోర్డు పెట్టి, ఇక్కడ బోరు వేయకూడదు, గట్టు తీయకూడదు అంటే నేనెక్కడికి పోవాలి? ఆ భయంతోనే మా పక్క చేని ఆయన ఒక రాత్రి జేసీబీ పెట్టి వాళ్ళ కుప్ప చదును చేసేశాడు. ఎవరూ అడగకముందే పీడ వదిలించుకున్నాడు. ఇది ఆఫీసులకు తెలియదు.

కాగితం_పులి
రెవెన్యూలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. లిస్టు సంగతి చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

కేంద్రం వాళ్ళ చట్టం 1958ది. దాని కింద రక్షిత కట్టడం అని ప్రకటించినవి దేశం మొత్తం మీద 3,700 దాకా ఉన్నాయి. 2010 సవరణతో వాటి చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతితో మాత్రమే కట్టుకోవాల్సిన ప్రాంతం. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. రైతుగారి భయం ఈ 100 మీటర్ల గురించి. రాష్ట్రానికి వేరే చట్టం ఉంది, 1960ది, దానికి వేరే జాబితా. మీకు "లిస్టులో లేదు" అన్నది ఈ రెండింటి గురించే. గుట్ట ఈ రెండింట్లోనూ లేకపోతే, చట్టం దృష్టిలో అది ఉత్త గుట్ట. మన వైపు సమాధుల్లో చాలా వాటి పరిస్థితి ఇదే.

ఇప్పుడు రైతుగారికి. కేంద్రం ఒక చోటును రక్షితం చేయాలంటే రాత్రికి రాత్రి బోర్డు పెట్టి పోరు. ముందు ఉద్దేశం తెలుపుతూ రెండు నెలల నోటీసు ఇవ్వాలి, దాని నకలు ఆ స్థలం దగ్గరే అంటించాలి, అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆ గడువులో చెప్పుకోవచ్చు. కాబట్టి చదును చేసిన పక్క చేని ఆయన తొందరపడ్డాడు.

ఇక లిస్టులో లేకపోయినా పనికొచ్చే దారులు ఉన్నాయి. మొదట సర్వే నంబరు పట్టుకోండి. గుట్ట పోరంబోకు అయితే అది ప్రభుత్వ భూమి. ప్రభుత్వ భూమిలో అనుమతి లేకుండా గ్రావెల్ తవ్వడం, బండ కొట్టడం మైనింగ్ నేరం, దానికి పురావస్తు శాఖతో పనే లేదు. సమాధుల కోసం పోరాడితే ఏళ్ళు పడుతుంది. తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టాల్సిన సీనరేజీ ఎగ్గొట్టారని అర్జీ పెడితే టిప్పర్ సాయంత్రానికి ఆగుతుంది.

నాపరాయి_నవ్వు
పులి అనే పేరు ఊరికే పెట్టుకోలేదు.

ఒంటరి_కాకి
టిప్పర్ రెండు రోజులు ఆగి మూడో రోజు మళ్ళీ తిరుగుతుంది. మనకు తెలియనిదా.

కాగితం_పులి
తిరుగుతుంది. కానీ కాగితం మీద ఒకసారి పడితే రెండోసారి అర్జీ బలంగా ఉంటుంది. నేను కాగితం వైపు నుంచి మాత్రమే చెప్పగలను నాయనా.

తుంగభద్ర_గట్టు
కర్నూలు నుంచి. మా దగ్గర ఇంతకంటే వింత జరిగింది. జ్వాలాపురంలో 74 వేల ఏళ్ళ కింద సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొరలుగా ఉంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రపంచమంతా చదివింది. ఆ బూడిదను మావాళ్ళు గిన్నెలు తోమే పౌడర్లకు తవ్వి అమ్మేవాళ్ళు. శాస్త్రజ్ఞులకు ఆ పొర అంత బాగా కనపడిందీ ఆ గుంతల్లోనే. అందుకే నాకు ఎవర్ని తిట్టాలో తెలియదు.

రాగిసంగటి
జ్వాలాపురం ఇప్పుడు నంద్యాల జిల్లా.

తుంగభద్ర_గట్టు
2022లో గీత గీశారు, 74 వేల ఏళ్ళు మాదే.

ఇంకొకటి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వచ్చేటప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. శాతానికోటలో తవ్వకాలు చేసి నమోదు చేశారు. కానీ నీళ్ళ కింద పోయిన ఊళ్ళ పక్కన ఉండిన రాళ్ళ కుప్పలకు ఎవరు ఏడ్చారు? గుడి అయితే దేవుడున్నాడు, వెంట భక్తులున్నారు. సమాధికి వారసులు లేరు కదా.

అనంత_గాలి
మా అమ్మమ్మ ఊరి దగ్గర ఒక బూడిద దిబ్బ ఉంది. రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అంటారు. అదీ సమాధేనా?

పాతరాళ్ళ_పిచ్చి
కాదు, రెంటినీ కలపకు. బూడిద దిబ్బలు ఇంకా పాతవి, నవీన శిలాయుగానివి. పశువుల దొడ్డి దగ్గర పేడ ఏళ్ళ తరబడి కుప్ప పడి, దాన్ని మళ్ళీ మళ్ళీ కాల్చితే తయారైనవి. బళ్ళారి హొస్పేట రోడ్డు మీద కుడతిని దిబ్బ ఉంది, దాన్ని భీముడు చంపిన హిడింబుడి చితి అని చెప్పుకునేవాళ్ళు. అగ్నిపర్వతం అన్నారు, ఇనుము కరిగించిన చిట్టెం అన్నారు, రకరకాల వాదాలు నడిచాయి. పేడ అని ముందు గట్టిగా చెప్పినవాడు భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆల్చిన్ 1957లో మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో తవ్వినప్పుడు దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, బూడిద మీద గిట్టల గుర్తులు బయటపడ్డాయి. మన కళ్యాణదుర్గం వైపు పాలవాయిలోనూ బూడిద దిబ్బ ఉంది, దాన్నీ తవ్వి చూశారు.

ఆ బూడిదను ఎరువుగా చేలకు తోలుకుపోయేవాళ్ళు చాలామంది. మీ దిబ్బ ఇంకా ఎంత మిగిలిందో చూడు.

అనంత_గాలి
సగం. మిగతా సగం మా మామ చింత తోపులో ఉంది. చింతకాయ మాత్రం బ్రహ్మాండంగా కాస్తుంది.

గుట్టకింద_పల్లె
ఇదిగో మా గుట్ట గూగుల్ లొకేషన్. ఎవరైనా దగ్గరలో ఉంటే వచ్చి చూడండి.
(ఈ పోస్టులో కొంత భాగం తీసేశాం. వేదిక_కాపలా)

గుట్టకింద_పల్లె
ఎందుకు తీశారు?

వేదిక_కాపలా
నిమ్మకాయల వాళ్ళు కూడా ఫోను వాడతారు. బయట ఎక్కడా పిన్ పెట్టొద్దు.

పాతరాళ్ళ_పిచ్చి
కాపలా చేసింది సరైన పని. పదేళ్ళ కింద నేనే ఆ తప్పు చేశా. ఒక సిస్టు సమాధి ఫొటో పెట్టి, ఊరి పేరు, దారి, అంతా రాశా. నెల తర్వాత పోతే పక్క బండ విరిగి ఉంది, లోపల కుండలు ముక్కలు. వాళ్ళకు కావలసింది దొరక్క కోపంతో పగలగొట్టినట్టున్నారు. ఆ ఫొటోకు రెండు వందల లైకులు వచ్చాయి.

ఒంటరి_కాకి
దీనికి నేను వ్యతిరేకం. దాస్తే ఎవరికీ తెలియదు, తెలియకపోతే జేసీబీకి అడ్డు ఎవరు? మీ పాతరాళ్ళ వాళ్ళకు మాత్రమే తెలిసి ఉంటే అది మీ సొంత ఆస్తా?

పాతరాళ్ళ_పిచ్చి
ఊరివాళ్ళకు తెలియాలి. ఊరి బయట తిరిగే కార్లకు తెలియక్కర్లేదు. రెండింటికీ తేడా ఉంది కాకీ.

కడప_కారం
గుప్తనిధుల వాళ్ళకు ఎవరైనా చెప్పండప్పా, అందులో బంగారం ఉండదని. కుండలు, తుప్పు పట్టిన ఇనుము, ఎముకలు.

తుంగభద్ర_గట్టు
అసలు ఉండదని కాదు. తమిళనాడులో ఆదిచ్చనల్లూరులో వంద ఏళ్ళ కిందటి తవ్వకాల్లో నుదుటికి కట్టుకునే బంగారు పట్టీలు దొరికాయి. కానీ అది...

కడప_కారం
నోరు మూసుకో అన్నా! ఇప్పుడు అది చదివి నలుగురు గడ్డపారలు కొంటారు.

తుంగభద్ర_గట్టు
పూర్తిగా చెప్పనీ. అక్కడివి కుండ సమాధులు, వందల్లో తవ్వితే ఏ కొన్నింటిలోనో పలుచని రేకు. పైగా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. పది రూపాయలు! టీ ఖర్చు దాటితే కలెక్టరాఫీసుకే.

నాపరాయి_నవ్వు
అంజనం వేసే స్వామికి ఇచ్చే ఫీజు ఎక్కువ.

కడప_కారం
మా కడప సంగతి చెప్పాలి. శంఖవరంలో దొరికిన మట్టి శవపేటిక ఒకటి ఉంది. జంతువు ఆకారం, కాళ్ళతో, తలతో సహా. చూస్తే పిల్లల బొమ్మలా ముద్దొస్తుంది. ఎక్కడుందో తెలుసా? చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో. అప్పుడు మనమంతా మద్రాసు కిందే కాబట్టి అక్కడికి పోయింది. మా వాళ్ళు పెళ్ళిబట్టలకు చెన్నై పోతారు, ఎగ్మోర్ స్టేషన్ దిగుతారు, మన ఊరి వస్తువు అంత దగ్గరలో ఉందని ఒక్కరికీ తెలియదు.

వేరుశనగ_రైతు
అక్కడికి పోబట్టి మిగిలింది అనుకో. ఇక్కడే ఉంటే ఎవరి దొడ్లో పశువులకు కుడితి తొట్టి అయ్యేదో.

కడప_కారం
కోపం వస్తోంది కానీ కాదనలేను.

సైన్సు_టీచరమ్మ
ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మా ఊరి పక్కనా ఇలాంటి రాతి వలయాలు ఉన్నాయి. రెండేళ్ళ కింద ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకుపోయి ఒక్కోదానికి నంబరు రాయించా, రాళ్ళ మీద కాదు, నోటుబుక్కులో. టేపుతో అడ్డం కొలత, ఎన్ని గుండ్లు, ఏ దిక్కు. లెక్కల క్లాసుకు వ్యాసం, చుట్టుకొలత అక్కడే అయిపోయాయి.

దున్నినప్పుడు పైకి వచ్చిన పెంకులు చూపిస్తే ఒక పిల్ల అడిగింది, లోపల నలుపు, బయట ఎరుపు, ఇది రెండు రంగులు పూసిందా అని. నాకూ గట్టిగా తెలియక ఊళ్ళో కుమ్మరి తాతను పిలిచా. పూత కాదమ్మా, బోర్లించి కాల్చారు అన్నాడు. కుండను బోర్లించి ఊకలోనో ఆకుల్లోనో పెడితే లోపలికీ అంచుకూ గాలి తగలదు, నల్లబడుతుంది. బయటి పక్క గాలి తగిలి ఎర్రగా కాలుతుంది. పుస్తకాల్లో ఉన్నదీ అదే. తాత పుస్తకం చూడలేదు, పెంకు చూసి చెప్పాడు.

ఆ తర్వాత ఏమైందంటే, వలయంలో గుండు లాగబోయిన ట్రాక్టర్ డ్రైవర్‌ను మా పిల్లోడు ఒకడు "అన్నా అది పదమూడో నంబరు" అని ఆపాడట. అతను ఎందుకు ఆగాడో తెలియదు. నంబరు ఉందంటే గవర్నమెంటుది అనుకున్నాడేమో.

కాగితం_పులి
టీచరమ్మా, మీరు చేసింది సర్వే. ఆ నోటుబుక్కు పారేయకండి. దాని జెరాక్సు తహసీల్దారుకూ పురావస్తు శాఖకూ ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రామసభలో తీర్మానం చేయించి అందులో ఇన్ని వలయాలు, ఫలానా సర్వే నంబరు అని రాయించండి. రేపు ఎవరైనా గనికి లీజు అడిగినప్పుడు ఆ కాగితం అడ్డం వస్తుంది.

ఒంటరి_కాకి
టీచరమ్మ పోస్టు బాగుంది. అంతే, ఇంకేం ఒప్పుకోను.

రాగిసంగటి
హిరేబెణకల్ చూశారా ఎవరైనా? కర్ణాటకలో గంగావతి దగ్గర. మన అనంతపురం నుంచి పొద్దున బయల్దేరితే చూసి రావచ్చు. గుట్ట ఎక్కితే మన గూళ్ళలాంటివే, నాలుగు వందల దాకా ఉంటాయి, కొన్ని మనిషి నిలబడేంత ఎత్తు. వాళ్ళు మోర్యర గుడ్డ అంటారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. కృష్ణ అవతల తెలంగాణలో ముడుమాల నిలువురాళ్ళు కూడా 2025లో ఎక్కాయి. అటూ ఇటూ ఎక్కి మధ్యలో మనం మిగిలాం.

వేరుశనగ_రైతు
అక్కడి రైతులు ఏమంటున్నారో కూడా రాయండి ఎవరైనా పోతే. నాకు అదే కావాలి.

రాగిసంగటి
నేను చూసినంతలో గూళ్ళు ఉన్నది గుట్ట మీద, సాగుభూమి కాదు. మీ కేసు వేరు. మీరు ఆ రెండు కుప్పల మీద కొత్త రాళ్ళు పోయకుండా, దున్నేటప్పుడు రెండు చాళ్ళు వదిలేస్తే చాలదా?

వేరుశనగ_రైతు
రెండు చాళ్ళంటే నాకు రెండు బుట్టల కాయ. సరే, పోనీ. ఇన్నాళ్ళూ పందులు తిన్నంత కాదులే.

గుట్టకింద_పల్లె
వారం తర్వాత రాస్తున్నా. కాగితం పులి గారు చెప్పినట్టు సర్వే నంబరు తీశా, గుట్ట పోరంబోకే. గ్రావెల్ మీద అర్జీ ఇచ్చా. జేసీబీ వెళ్ళిపోయింది, ప్రస్తుతానికి. గూళ్ళ మీద వేరే అర్జీ ఇస్తే రసీదు ఇవ్వడానికి గంట నిలబెట్టారు, కానీ ఇచ్చారు. కంతలు చూశా అన్నా, పంతొమ్మిదిలో పదకొండింటికి కంత బండ మిగిలి ఉంది, అందులో తొమ్మిది తూర్పుకే.

ఇంకో సంగతి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. రాత్రి అవ్వకు ఇదంతా చెప్తుంటే, "ఆ కంత బండ మన గొర్రెల దొడ్డికి లేదా" అంది. పొద్దున పోయి చూశా. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. దొడ్డి గోడలో నిలబెట్టిన పలక, గుండ్రటి కంత. పిల్లల్ని ఆపి తల్లిగొర్రెల్ని మేపుకు వదిలేటప్పుడు ఆ కంతలోంచి గొర్రెపిల్లలు అరుస్తుంటాయి. మా తాత ఎద్దుల బండి మీద తెచ్చాడట, అరవై ఏళ్ళ కింద. మా ఇంటి మెట్టు బండ కూడా అక్కడిదే అంట.

నాపరాయి_నవ్వు
అర్జీలో నిందితుల జాబితా తిరగరాయాలి.

ఒంటరి_కాకి
నేనేం అనట్లేదు. నవ్వుతున్నానంతే.

సమ్మెట_దెబ్బ
ఆ కంత అంచు చూడు తమ్ముడూ. రెండు వైపుల నుంచి కొట్టుకుంటూ వచ్చి మధ్యలో కలిపి ఉంటారు, అంచు లోపల చిన్న గట్టులా తగులుతుంది. ఒక పక్క నుంచే కొడితే అవతలి వైపు పెచ్చు లేచిపోతుంది. ఇప్పటి పనివాళ్ళు మెషిన్ లేకుండా అంత గుండ్రంగా కొట్టలేరు.

గుట్టకింద_పల్లె
చేయి పెట్టి చూశా. గట్టు తగులుతోంది.

వెనక్కి తీసుకుపోయి గుట్ట మీద పెట్టేద్దామా అని నాయనను అడిగితే దొడ్డికి అడ్డం ఏం పెడతావు అన్నాడు. పెట్టాలా వద్దా?

పాతరాళ్ళ_పిచ్చి
ఇప్పుడే కదపొద్దు. ఏ గూటిదో తెలియకుండా ఏదో ఒకదానికి ఆనిస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ముందు ఉన్నచోటే ఫొటో తియ్యి, ఎత్తు, వెడల్పు, మందం, కంత అడ్డం కొలిచి రాయి. తాత ఏ దారిన తెచ్చాడో అవ్వను అడిగి రాసుకో, ఆ దారిలో కంత బండ లేని గూళ్ళు ఎన్నో చూడు. మందం సరిపోయే గూడు దొరికితే అప్పుడు మాట్లాడుకుందాం. ఊళ్ళో మిగతా దొడ్లు కూడా ఒకసారి తిరుగు, మీ ఒక్కరి ఇంట్లోనే ఉంటుందని నేననుకోను.

గుట్టకింద_పల్లె
తిరిగా. రచ్చకట్ట మీద ఒకటి, బోరు దగ్గర బట్టలుతికే బండ ఒకటి, వంక దాటడానికి వేసిన పలకలు రెండు. వంక పలకలు పైకప్పు బండలే, అడుగున నున్నగా ఉంది. మా దొడ్డిదీ కలిపి, గుట్ట మీంచి పోయిన బండల్లో ఐదింటి ఆచూకీ దొరికింది, మా మెట్టుతో ఆరు.

కాగితం_పులి
మీ దొడ్డి బండ కూడా జాబితాలో రాయండి. మీది వదిలేస్తే మిగతావాళ్ళు రాయనివ్వరు.

గుట్టకింద_పల్లె
మొదటి నంబరు అదే వేశా. కంత అడ్డం జానెడున్నర, టేపుతో 38 సెంటీమీటర్లు. కొలుస్తుంటే అవతల నుంచి గొర్రెపిల్ల తల పెట్టి టేపు నమిలింది. ఫొటోలో అదీ పడింది.

సైన్సు_టీచరమ్మ
ఆ ఫొటో తీసేయకండి. సైజు తెలియడానికి స్కేలు పెట్టాలి కదా, అదే స్కేలు.